గుండె కొట్టుకుంటోంది గదా!

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ యీ సభలో మాకు కొంత సమయం యిస్తున్నారు. మేము పిల్లల చదువు గురించీ, ఉర్దూ పుస్తకాలు ఆలస్యంగా రావడం గురించీ నాలుగు మాటలు చెప్పి దిగిపోతున్నాము. యీసారి వేరే సంగతి మాట్లాడతామంటే కార్యదర్శిగారు, “అది డాక్టరు చెప్పవలసిన విషయం గదా, మాస్టర్ సాబ్!” అన్నారు. నిజమే. మేము డాక్టర్లము కాము. కాని ఐ.సి.యు. తలుపు లోపల వున్నవారికి తెలిసినదాంట్లో కొంతైనా, తలుపు బయట బల్ల మీద కూర్చున్నవారికి తెలియాలి. ఆ బల్ల మీద మేము అయిదు రోజులు కూర్చున్నాము. ఆ అయిదు రోజుల్లో తెలియక పడ్డ బాధ, తర్వాత అడిగి, చదివి తెలుసుకున్న విషయం మీ ముందు పెడతాము.

2019 డిసెంబరులో మా ఆపా కొడుకు మోటారుసైకిలు మీద వస్తూ లారీ వెనక భాగానికి కొట్టుకున్నాడు. ఇరవైమూడేళ్ల పిల్లవాడు. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతూనే వుంది. వాణ్ణి పట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు, మెదడు వాచిందన్నారు, ఆపరేషనుకు పనికిరాదన్నారు. వూపిరి యంత్రం పెట్టారు. మొదటి మూడు రోజులూ యెవరిని అడిగినా “క్రిటికల్” అన్న ఒక్క మాటే. ఆ మాటకు యెంత అర్థమైనా చెప్పుకోవచ్చు. మా దుల్హేభాయి దానికి “బతుకుతాడు, కాని ఆలస్యమవుతుంది” అని అర్థం చెప్పుకున్నాడు. ఇంటి పక్కనున్న స్థలం బేరం పెట్టి, అడ్వాన్సు తీసుకురమ్మని మనిషిని వూరికి పంపాడు.

నాలుగో రోజు ఒక పెద్ద డాక్టరు వచ్చి, “మెదడు పని చెయ్యడం ఆగిపోయిందని మా అనుమానం, పరీక్షలు చేస్తున్నాము” అన్నారు. దుల్హేభాయి గాజు తలుపులోంచి లోపలి యంత్రం కేసి చూపించాడు. పచ్చ గీత పైకీ కిందికీ ఆడుతోంది. “గుండె కొట్టుకుంటోంది గదా సార్! చెయ్యి వెచ్చగా వుంది గదా! మరి చచ్చిపోయాడని యెలా అంటారు?” అన్నాడు. తర్వాత మమ్మల్ని పక్కకు లాగి, “మియా, వీళ్లేదో కాగితం మీద సంతకం పెట్టమంటారు. నేను పెడితే కొడుకును నేనే చంపినట్టు గాదా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆ పూట మా దగ్గర జవాబు లేదు. ఇరవై యేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాము, అయినా కోమాకూ మరణానికీ తేడా మాకే సరిగా తెలియదు.

అన్నిటికన్నా ముందు ఆ తేడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో “బేహోష్” అన్న ఒక్క మాటలో అన్నీ కట్టేస్తాము. ఎండకు కళ్లు తిరిగి పడినవాడూ బేహోషే, నెల రోజులుగా కోమాలో వున్నవాడూ బేహోషే. కోమాలో మెదడు దెబ్బతిన్నది, కాని బతికే వుంది. దానికి రక్తం అందుతోంది. కోమాలోంచి లేచి ఇంటికి నడిచి వెళ్లినవారు వున్నారు. పూర్తిగా కోలుకోక, కళ్లు తెరుస్తూ మూస్తూ, సొంతంగా వూపిరి తీస్తూ, మనల్ని గుర్తుపట్టకుండా సంవత్సరాలు గడిపేవారూ వున్నారు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973 నుంచి 2015 దాకా అలాంటి స్థితిలోనే వుంది. 2011లో సుప్రీంకోర్టు ఆమె సంగతి విచారించి, ఆమె మెదడు మరణించలేదని స్పష్టంగా చెప్పింది. ఆ ఆసుపత్రి నర్సులు నలభైరెండేళ్లు ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నారు. కోమా రోగిని వదిలేయమని మేము చెబుతున్నామని యెవరూ అనుకోవద్దు. అక్కడ దువా చెయ్యాలి, సేవ చెయ్యాలి, ఓపిక పట్టాలి.

మెదడు మరణం వేరు. ఉర్దూ పత్రికలవారు దీన్ని “దిమాగీ మౌత్” అని రాస్తారు. 1959లో పారిస్‌లో మొల్లారె, గూలాన్ అనే డాక్టర్లు దీన్ని మొదట వర్ణించి, “కోమాను దాటిపోయిన స్థితి” అన్నారు. వూపిరి యంత్రాలు రాకముందు యీ సమస్యే లేదు. మెదడు ఆగితే వూపిరి ఆగేది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగేది, అన్నీ ఒకటే మరణంగా కనిపించేవి. యంత్రం వచ్చి వాటిని విడదీసింది. వూపిరి తియ్యమని హుకుం యిచ్చేది మెదడు అడుగున వుండే కాండం. గుండె అలా కాదు. దానికి సొంత విద్యుత్తు వుంది, ప్రాణవాయువు అందితే మెదడు చెప్పకపోయినా కొంతకాలం కొట్టుకుంటుంది. మా దుల్హేభాయి చూసిన పచ్చ గీత అదే. చెయ్యి వెచ్చగా వుండటమూ అందుకే.

సరే, మరి మెదడు చనిపోయిందని యెలా తెలుస్తుంది? ముందు మంచం దగ్గర చేసే పరీక్షలు. దెబ్బకు కారణం తెలిసివుండాలి. మత్తుమందుల ప్రభావం వుండకూడదు. ఒళ్లు చల్లబడి వుండకూడదు. రక్తపోటు మరీ తక్కువగా వుండకూడదు. ఇవన్నీ సరిచూసుకుని, కంట్లో లైటు వేస్తారు, కనుపాప కదలాలి. నల్లగుడ్డును దూదితో తాకుతారు, రెప్ప పడాలి. చెవిలో చల్లటి నీళ్లు పోస్తారు, కళ్లు తిరగాలి. గొంతులో గొట్టం కదిలిస్తారు, దగ్గు రావాలి. యేదీ రాకపోతే ఆఖరున వూపిరి పరీక్ష. ప్రాణవాయువు లోపలికి పంపుతూనే యంత్రం ఆపి, కొన్ని నిమిషాలు ఛాతీ కేసి చూస్తారు. రక్తంలో బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. బతికున్న మెదడుకాండం దానికి వూరుకోదు, ఒక్క వూపిరైనా తియ్యమంటుంది. ఆ గాలి కావలసినంత పెరిగినా ఛాతీ కదలకపోతే కాండం పోయినట్టు.

మా వాడి విషయంలో యీ ఆఖరి పరీక్ష దగ్గరే చిక్కు వచ్చింది. యంత్రం ఆపిన కాసేపటికే రక్తపోటు పడిపోవడంతో పరీక్ష మధ్యలో మానేశారు. ఇలా కొందరిలో జరుగుతుంది. కొందరికి ముఖమంతా దెబ్బతిని కళ్లు, చెవులు పరీక్షించడానికి వీలుండదు. కొందరి ఒంట్లో మత్తుమందు యింకా దిగివుండదు. అటువంటప్పుడు డాక్టర్లు ఇంకో ప్రశ్న వేస్తారు: మెదడులోకి రక్తం పోతోందా, లేదా? దీనికి జవాబు చెప్పే పరీక్షల్లో ఒకటి అల్ట్రాసౌండు. మన ఆడవాళ్లకు కడుపు స్కానింగుగా తెలిసినదానికి ఇది చెల్లెలి వరస.

దీని వెనక వున్న సూత్రం మా బడిపిల్లలకు రైలు గేటు దగ్గర చెబుతుంటాము. కూత వేస్తూ రైలు మన వైపు వస్తుంటే కూత సన్నగా, హెచ్చుగా వినబడుతుంది. మనల్ని దాటగానే బొంగురుపోతుంది. రైలు కూత మారలేదు, రైలు రావడమూ పోవడమూ మారింది. డాప్లర్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1842లో యీ సూత్రం చెప్పాడు. 1845లో హాలండులో రైలుబండి మీద బూరలు వూదేవాళ్లను కూర్చోబెట్టి దీన్ని పరీక్షించి చూశారు. రక్తంలోని కణాలే రైళ్లు అనుకోండి. మనం పంపిన శబ్దం వాటికి తగిలి తిరిగి వస్తుంది. మన వైపు వచ్చే కణాల నుంచి ఒక రకంగా, దూరమయ్యే కణాల నుంచి ఇంకో రకంగా వస్తుంది. దాన్ని బట్టి రక్తం యెటు పోతోందో, యెంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

కాని పుర్రె యెముక శబ్దాన్ని లోపలికి పోనివ్వదు. 1982లో స్విట్జర్లండులోని బెర్న్ నగరంలో పనిచేస్తున్న రూనే ఆస్లీద్ దీనికి దారి కనిపెట్టాడు. కణత దగ్గర, చెవికి కాస్త ముందు, యెముక పలచగా వుంటుంది. సెకనుకు 20 లక్షల కంపనాల శబ్దం వాడితే అక్కడినుంచి లోపలికి పోగలదని చూపించాడు. మన చెవికి వినబడేది సెకనుకు 20 వేల దాకానే. కణతల నుంచి ముందు భాగపు రక్తనాళాలు వినబడతాయి. మెడ వెనక, పుర్రె అడుగునున్న సహజమైన రంధ్రం నుంచి మెదడుకాండానికి రక్తం యిచ్చే నాళం వినబడుతుంది. సూది లేదు, మందు లేదు, రోగిని మంచం మీదనుంచి కదపనక్కర్లేదు.

ఆ సాయంత్రం డాక్టరు చక్రాల బల్ల మీద చిన్న యంత్రం తెప్పించారు. లావుపాటి పెన్నులాంటి గొట్టం, కాస్త జెల్లీ, అంతే. దుల్హేభాయి లోపలికి రానన్నాడు, మేము వెళ్లాము. మా ముఖంలో అపనమ్మకం చూశారేమో, “మాస్టారూ, ముందు మీదే విందాము రండి” అని గొట్టం మా కణతకు పెట్టారు. కాసేపు గరగర, తర్వాత “హుష్షు... హుష్షు...” అని గాలివాన లాంటి చప్పుడు. ఒక్కో దెబ్బకూ పెద్దదవుతోంది, తగ్గుతోంది, కాని దెబ్బకూ దెబ్బకూ మధ్య పూర్తిగా ఆగడం లేదు. తెర మీద కొండల వరసలాగా గీతలు. “గుండె విశ్రాంతిలో వున్నప్పుడు కూడా రక్తం ముందుకు పోతూనే వుంది, చూశారా? మెదడుకు ఆ దయ యెప్పుడూ కావాలి” అన్నారు.

తర్వాత మా మేనల్లుడి కణతకు పెట్టారు. చప్పుడు వచ్చింది, రాలేదని చెప్పము. అయితే “హుష్” అని ముందుకూ, వెంటనే “హుష్” అని వెనక్కీ. తెర మీద గీత పైకి ఒక మెట్టు, కిందికి అంతే మెట్టు. రెండో కణత దగ్గరా అంతే. మెడ వెనక అయితే సూదిమొన లాంటి చిన్న చిన్న గీతలే. డాక్టరు గొంతు తగ్గించి, “రక్తం తలుపుదాకా వచ్చి తిరిగిపోతోంది మాస్టారూ, ఇంట్లోకి పోవడం లేదు” అన్నారు. అరగంట ఆగి మళ్లీ చూశారు. అదే.

అలా యెందుకు జరుగుతుంది? మెదడు గట్టి పెట్టెలో వుంది. చెయ్యి వాచినా కాలు వాచినా చర్మం సాగుతుంది, పుర్రె సాగదు. వాచినకొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. రక్తం ఆ ఒత్తిడిని నెట్టుకుని పోవాలి. మన పేటలో కుళాయి వొత్తిడి తక్కువైనప్పుడు మేడ మీది ట్యాంకులోకి నీరు యెక్కదు గదా, అలాగన్నమాట. మొదట గుండె రెండు దెబ్బల మధ్య పోయే రక్తం తగ్గుతుంది. తర్వాత ఆ వ్యవధిలో రక్తం పూర్తిగా ఆగుతుంది. తర్వాత ముందుకు వచ్చినంతా వెనక్కి పోతుంది. తర్వాత చిన్న మొనలు మాత్రం మిగులుతాయి. ఆఖరుకు యేమీ వినబడదు. శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే. కాని ఒంటికి అందే ప్రాణవాయువులో సుమారు అయిదో వంతు అదే వాడుకుంటుంది. దాచుకునే గాదె దానికి లేదు. రక్తం ఆగిన కొద్ది క్షణాల్లో స్పృహ పోతుంది. పూర్తిగా ఆగి అలాగే వుండిపోతే మెదడు నశిస్తుంది.

అయితే యీ పరీక్షను గుడ్డిగా నమ్మమని మేము చెప్పడం లేదు. దాని లోపాలు కూడా చెప్పకపోతే మా మాట సగమే అవుతుంది. కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవారికి, కణత యెముక దళసరిగా వుండి శబ్దం లోపలికే పోదు. అందువల్ల మొదటిసారి పెట్టి “యేమీ వినబడలేదు” అన్నంత మాత్రాన రక్తం ఆగినట్టు కాదు. ఆపరేషనులో పుర్రె ముక్క తీసినవారిలో, నడినెత్తి పూడని పసిపిల్లల్లో ఒత్తిడికి దారి దొరుకుతుంది గనక మెదడు పోయినా రక్తం ఆడుతూ కనిపించవచ్చు. రక్తపోటు బాగా పడిపోయినప్పుడు చూస్తే, రక్తం తాత్కాలికంగా ఆగినదాన్ని శాశ్వతమని పొరబడవచ్చు. అందుకే 1998లో నిపుణులు కూర్చుని నియమాలు పెట్టారు: రెండు వైపులా చూడాలి, మెడ వెనకా చూడాలి, అరగంట తేడాతో కనీసం రెండుసార్లు చూడాలి. 2023లో అమెరికా నిపుణులు సవరించిన నియమాల్లో పెద్దవాళ్లకు దీన్ని ఒప్పుకున్నారు, పిల్లలకు ఒప్పుకోలేదు.

2016లో 12 అధ్యయనాలనూ, 859 మంది రోగులనూ కలిపి లెక్క చూశారు. మెదడు మరణించిన నూరుమందిలో యీ పరీక్ష 90 మందిని సరిగా పట్టుకుంది. మరణించని నూరుమందిలో 98 మందిని సరిగా మరణించలేదంది. మిగిలిన యిద్దరి సంగతేమిటి? ఆ యిద్దరిలో మన బిడ్డ వుంటే? ఇక్కడే జాగ్రత్తగా వినండి. స్కానింగు ఒక్కటే చూసి యెవరూ తీర్పు చెప్పకూడదు. మంచం దగ్గర పరీక్షలు ముందు, తలకు తీసిన సి.టి. ముందు, దెబ్బ చరిత్ర ముందు. అల్ట్రాసౌండు వాటికి సాక్షి, కాజీ కాదు. ఒక్క సాక్షి మాట మీద యే కాజీ అయినా తీర్పు యిస్తాడా?

మన దేశంలో మెదడుకాండ మరణాన్ని చట్టం 1994లో గుర్తించింది. అవయవ మార్పిడి చట్టం అది. అవిభక్త ఆంధ్రప్రదేశ్ 1995లో అదే దారిలో సొంత చట్టం చేసుకుంది. నలుగురు డాక్టర్ల బృందం పరీక్షలు చెయ్యాలి, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి, నలుగురూ సంతకం పెట్టాలి. అవయవాలు మార్చే బృందంలోని డాక్టరు ఆ నలుగురిలో వుండకూడదు. “అవయవాల కోసం చంపేస్తారు” అని బల్ల మీద కూర్చున్నవాళ్లు గుసగుసలాడుతుంటారు, మేమూ విన్నాము. యీ నియమం తెలిస్తే ఆ భయానికి జవాబు దొరుకుతుంది. నియమం పాటిస్తున్నారా లేదా అని అడిగే హక్కూ వస్తుంది. దానం చేయండి, చేయవద్దు అని మేము యీ వేదిక మీద చెప్పబోము. అది ఆ ఇంటివారి ఇష్టం. వారు ఒప్పుకోకపోతే యెవరూ తీసుకోలేరు.

దీన్ మాట యేమిటని కూడా చాలామంది అడిగారు. ఇది కొత్త ప్రశ్న కాదు. 1986లో అమ్మాన్ నగరంలో ఇస్లామీ దేశాల ఫిఖ్ అకాడమీ ఆలిములు డాక్టర్లతో కూర్చుని చర్చించారు. మెదడు పనులన్నీ పూర్తిగా ఆగి, ఇక తిరిగిరావని నిపుణులైన డాక్టర్లు చెప్పి, మెదడు శిథిలం కావడం మొదలైతే దాన్ని మరణంగా యెంచవచ్చనీ, యంత్రం తీయవచ్చనీ తీర్మానించారు. 1987లో మక్కాలో రాబితా వారి ఫిఖ్ సభ ఇంకొంచెం వెనక నిలబడింది. ముగ్గురు నిపుణులు చెబితే యంత్రం తీయవచ్చు, కాని గుండె, వూపిరి ఆగిన తర్వాతనే మయ్యత్‌గా లెక్కించాలి అన్నది. ఆలిముల్లో యీ భేదం వుంది, దాన్ని దాచవలసిన పని లేదు. కాని రెండు సభలూ ఒక మాట మీద కలిశాయి: ఇక తిరిగిరాదని తేలిన తర్వాత యంత్రం తీసినవాడు హంతకుడు కాడు. మా దుల్హేభాయి ప్రశ్నకు యీ జవాబు మాకు ఆనాడు తెలిసివుంటే యెంత బాగుండేది!

ఆ రాత్రి మేము బయటికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, చూసిందీ విన్నదీ చెప్పాము. మా కణతలో యెలా మోగిందో, వాడి కణతలో యెలా మోగిందో నోటితోనే చప్పుడు చేసి వినిపించాము. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి, స్థలం అడ్వాన్సుకు పోయినవాణ్ణి వెనక్కి రమ్మన్నాడు. “ఆపాను లోపలికి పంపించు, మియా. వాడి చెయ్యి వెచ్చగా వుండగానే పట్టుకోనీ” అన్నాడు. ఆపా వాడి పక్కన కూర్చుని యాసీన్ చదివింది. యంత్రం తీయమని మేము అడగలేదు, వారూ తీయలేదు. మర్నాడు ఫజర్ దాటిన తర్వాత గుండె దానంతటదే ఆగింది.

పోయినవాణ్ణి యే స్కానింగూ తిరిగి తేలేదు. అది చేసిన మేలు ఒకటే. తల్లికి బిడ్డతో చివరి రాత్రి దొరికింది. తండ్రికి “నేను చంపానా” అన్న ముల్లు మిగలలేదు. వెనకున్న యిద్దరు ఆడపిల్లలకు స్థలం మిగిలింది. మొదటి మూడు రోజుల్లోనే యెవరైనా కూర్చోబెట్టి సూటిగా చెప్పివుంటే యింకొంత మేలు జరిగేది. మేమూ సూటిగా అడగలేదు, ఆ తప్పు మాది.

అందుకని యెవరి ఇంట్లోనూ ఆ రోజు రాకూడదని దువా చేస్తూనే, వస్తే అడగవలసిన ప్రశ్నలు చెబుతాము, రాసిపెట్టుకోండి. ఒకటి, ఇది కోమానా, మెదడు మరణమని అనుమానమా? రెండు, మత్తుమందులు యెప్పుడు ఆపారు? మూడు, సొంత వూపిరి పరీక్ష పూర్తయిందా, మధ్యలో ఆగిందా? నాలుగు, మెదడుకు రక్తం పోవడం చూశారా, యెన్నిసార్లు, యెన్ని చోట్ల? అయిదు, పరీక్షలు చేసిన డాక్టర్లు యెవరెవరు? ఇవి అడిగితే డాక్టరుకు కోపం రాదు. మంచి డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెడతారు. మనలో ఒకరు, కాస్త గుండె నిబ్బరం వున్నవారు, కాగితం పట్టుకుని అడగాలి. మిగిలినవారు తల్లి దగ్గర వుండాలి.

కోమాలో వున్నవాణ్ణి పోయాడని వదలకూడదు. పోయినవాణ్ణి కోమాలో వున్నాడని పట్టుకుని వుండకూడదు. యీ రెంటి మధ్య గీత సన్నదే గాని, గీత వుంది. అది తెలుసుకోవడం సబర్‌కు విరుద్ధం కాదు.

చివరిగా మోటారుసైకిళ్లున్న కుర్రాళ్లకు ఒక మాట. హెల్మెట్ ఇంట్లో మేకుకు తగిలించడానికి కొన్నది కాదు బాబూ.